కత్తెర పడని దృశ్యము: దుర్భవిష్య చిత్రముల చరిత్రలో ఒక అధ్యాయము

భవిష్యత్తు ఎట్లుండునో యని చింతించుట మానవునకు సహజము. మన పురాణములు కలియుగ లక్షణములను చెప్పునపుడు ధర్మము క్షీణించుటను, పాలకులు దొంగలవలె ప్రవర్తించుటను, ప్రజలు అనావృష్టికిని పన్నులకును తాళలేక కొండలకును అడవులకును పారిపోవుటను వర్ణించినవి. భాగవతము ద్వాదశ స్కంధమున ఈ విషయము విపులముగా నున్నది. పాశ్చాత్య దేశములయందును ఇట్టి భావన యొకటి పెరిగినది. థామస్ మోర్ 1516 లో 'యుటోపియా' యను ఆదర్శరాజ్యమును కల్పించెను. ఆ మాటకు ప్రతికూలమైన పదమును జాన్ స్టూవర్ట్ మిల్ 1868 లో బ్రిటిషు పార్లమెంటు ప్రసంగమున వాడెను. నేడు డిస్టోపియా యనగా, మానవుడు తన చేతలవలననే తెచ్చికొను దుష్టభవిష్యత్తు అని అర్థము. అట్టి కథలను చూపు సినిమాలను ఈ వ్యాసమున దుర్భవిష్య చిత్రములని వ్యవహరింతును.

సంఘ సంచికయందు ఈ విషయమెందులకని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మన యిండ్లలోని యువకులు ఈ జాతి విదేశీ చిత్రములను ఆసక్తితో చూచుచున్నారు. పెద్దలు వానిని కాల్పుల గోలగా నెంచి లేచిపోవుచున్నారు. ఉద్యోగకాలమంతయు దస్త్రముల నడుమ గడపిన నాకు చిత్రశాస్త్రమునందు పాండిత్యము లేదు. అయినను విశ్రాంతికాలమున చూచిన చిత్రములలో ఒక సంగతి మనస్సును పట్టినది. పెద్ద పెద్ద నగరములు కూలుట చూచినపుడు కలుగని బాధ, ఒక మనిషి వెంట కెమెరా ఆగక నాలుగు నిమిషములు నడచినపుడు కలుగుచున్నది. దీనికి కారణమేమి? ఆ కారణమునకు చరిత్ర యున్నది.

ముందుగా మాటల అర్థము తెలిసికొనవలెను. కెమెరా తిరుగుట మొదలుపెట్టినది మొదలు ఆపువరకు పట్టిన బొమ్మల వరుసను షాట్ అందురు. సామాన్యముగా ఒక్కొక్క షాటు కొన్ని సెకనులు మాత్రమే యుండును. వానిని కత్తిరించి అతుకుటయే కూర్పు. కత్తెర పడకుండ నిమిషముల తరబడి సాగు షాటునకు లాంగ్ టేక్ అని పేరు. మన పద్యనాటకములలో నటుడు రంగమునకు వచ్చిన పిమ్మట నిష్క్రమించువరకు ప్రేక్షకుల యెదుటనే యుండును. అతడు దుఃఖించుచున్నంతసేపు మనమును కూర్చుండవలసినదే. లాంగ్ టేక్ స్వభావము కొంత అట్టిది.

చలనచిత్రము పుట్టినప్పుడు కత్తెర లేదు. 1895 డిసెంబరు 28 వ తేదీన పారిస్ నగరమున గ్రాండ్ కఫేలో ల్యూమియేర్ సోదరులు పది చిత్రములను ప్రదర్శించిరి. ఒక్కొక్కటి సుమారు 50 సెకనులు. ఒక్కొక్కటి ఒకే షాటు. వానిలో ఒకటి కర్మాగారమునుండి పనివారు వెలుపలికి వచ్చు దృశ్యము. మరుసటి సంవత్సరము జూలై 7 వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలునందు వారి చిత్రములను చూపుటతో భారతదేశమునకు సినిమా వచ్చినది. ఆనాడు కోత లేకుండుట కళ కాదు, యంత్రమునకు గల పరిమితి.

కూర్పు యొక్క శక్తి తెలిసిన తరువాత కత్తెరయే రాజ్యమేలినది. సెర్గేయ్ ఐసెన్‌స్టైన్ 1925 లో తీసిన 'బాటిల్‌షిప్ పోటెంకిన్' నందు ఒడెస్సా మెట్ల దృశ్యము చిన్న చిన్న షాట్ల పోరాటముగా నిర్మింపబడినది. 1927 లో జర్మనీయందు ఫ్రిట్జ్ లాంగ్ నిర్మించిన 'మెట్రోపాలిస్' దుర్భవిష్య చిత్రములకు మూలపురుషుని వంటిది. అందును పనివారే కానవచ్చెదరు. ల్యూమియేర్ చిత్రములో వారు నవ్వుచు, తొందరపడుచు, తలకొక దారిన పోవుదురు. మెట్రోపాలిస్‌లో తలలు వంచుకొని వరుసలుగా భూగర్భమునకు దిగుదురు. ముప్పది రెండేండ్లలో అదే దృశ్యము ఆశనుండి భయమునకు మారినది. కాని ఆ భయమును లాంగ్ మహాసౌధములతోను, యంత్రరాక్షసునితోను, అద్దముల మాయతోను పుట్టించెను. మనము ఆశ్చర్యపడుదుము. ఆ పనివానిలో ఒకనితో కలిసి నడచినట్లు మాత్రము తోచదు.

శబ్దము వచ్చిన తొలిదినములలో కెమెరా కొంతకాలము మరల నిలిచిపోయినది. మాటయు పాటయు బొమ్మతోపాటే పట్టవలసి యుండుటచేత ముక్కలు చేయుట కష్టమయ్యెను. 1932 లో విడుదలయైన మన 'భక్త ప్రహ్లాద' ఆ కాలమునకు చెందినదే. నాటకరంగమునందు ఆరితేరిన సురభివారు అందు నటించిరి. ఇదియు యంత్రము విధించిన నిర్బంధమే కాని స్వేచ్ఛగా ఎన్నుకొన్న పద్ధతి కాదు.

ఫిలిము చుట్టయు ఒక హద్దు గీసినది. లెక్క సులభము. 35 మిల్లీమీటర్ల ఫిలిమున అడుగునకు 16 బొమ్మలు పట్టును. సెకనుకు 24 బొమ్మలు తిరుగును. వేయి అడుగుల చుట్టయందు 16,000 బొమ్మలుండును గనుక అది పదకొండు నిమిషములలో నయిపోవును. అంతకు మించిన షాటును అట్టి చుట్టతో ఎవ్వరును తీయజాలరు. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1948 లో 'రోప్' యను చిత్రమును ఈ హద్దు అంచువరకు పోయి తీసెను. సుమారు 80 నిమిషముల చిత్రమున షాట్లు పది మాత్రమే. అదే కాలమున ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ ఒక వాదమును లేవదీసెను. కత్తిరింపు ప్రేక్షకుని చేయి పట్టుకొని ఇది చూడుము, అది చూడుము అని నడిపించును. కోత లేని దృశ్యము లోకమును లోకముగానే నిలిపి, చూచు బాధ్యతను ప్రేక్షకునకు అప్పగించును అని ఆయన అభిప్రాయపు సారాంశము. ఆయన 1958 లో నలువది యేండ్ల వయస్సుననే మరణించెను. ఆ వాదము మాత్రము నిలిచినది. పరిమితిగా నుండినది అప్పటినుండి నీతి ప్రశ్నగా మారినది.

ఆ ప్రశ్నను దుర్భవిష్య చిత్రములోనికి గాఢముగా తెచ్చినవాడు రష్యను దర్శకుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ. స్ట్రుగాట్‌స్కీ సోదరులు 1972 లో ప్రకటించిన నవల నాధారము చేసికొని ఆయన 1979 లో 'స్టాకర్' తీసెను. నిషిద్ధమైన యొక ప్రాంతము. దాని పేరు జోన్. అందు ఒక గది కలదు. అది మనుష్యుని హృదయాంతరమునందలి కోరికను తీర్చునట. దారి చూపువాడొకడు ఒక రచయితను, ఒక శాస్త్రజ్ఞుని అక్కడకు కొనిపోవును. రెండు గంటల నలువది నిమిషముల ఈ చిత్రమున షాట్లు సుమారు 140 మాత్రమే. అనగా సగటున ఒక్కొక్క షాటు నిమిషమునకు పైబడినది. ఎస్టోనియాయందు చిత్రణము జరుగుచుండగా మొదట తీసిన ఫిలిము ప్రయోగశాలలో పాడైపోవుటచే మరల తీయవలసి వచ్చినది.

అందు భూతములు లేవు, ప్రేలుళ్లు లేవు. చిన్న రైలు బండిపై ముగ్గురు కూర్చుండి పోవుచుందురు. కెమెరా వారి ముఖములను, మెడలను, తలవెనుక వెండ్రుకలను చూచుచుండును. పట్టాల చప్పుడు సంగీతముగా మారును. నాలుగు నిమిషములకు దగ్గరగా ఇంతే. మొదటి నిమిషమున విసుగు కలుగును. తరువాత ఆ ముఖములలోని భయమును చదువనారంభింతుము. చివరకు గది గుమ్మము చేరిన ముగ్గురును లోనికి పోరు. నేలపై కూలబడెదరు. కెమెరా గదిలోనికి మెల్లగా వెనుదీయును. ఆ గదిలో వాన కురిసి వెలియును. మాట లేదు. కోరిక తీరునను గుమ్మమున నిలిచి తన కోరిక యేమో యని భయపడు మనుష్యుని వేదనను చూపుటకు అంత కాలము పట్టును. దానిని మూడు సెకనులకు తగ్గించినచో అది వానబొమ్మ మాత్రమే యగును. ఏడేండ్ల తరువాత 1986 లో చెర్నోబిల్ అణుకేంద్రమున ప్రమాదము జరిగి నిషిద్ధ ప్రాంతమేర్పడినపుడు జనులకు ఈ చిత్రము జ్ఞప్తికి వచ్చినది.

ఆ సంవత్సరముననే తార్కోవ్‌స్కీ చివరి చిత్రము 'ది శాక్రిఫైస్' వెలువడినది. అణుయుద్ధము తప్పినచో తన సర్వస్వమును త్యజింతునని ఒక వృద్ధుడు దేవునికి మ్రొక్కును. మరునాడు లోకము యథాస్థితిగా నుండును. అతడు మ్రొక్కు చెల్లించుటకై స్వగృహమును తగులబెట్టును. ఆరు నిమిషములకు పైగా సాగు ఒకే షాటులో ఇల్లు కాలి కూలును. స్వీడనుకు చెందిన గోట్‌లాండ్ ద్వీపమున తీయుచుండగా మొదటిసారి కెమెరా మొరాయించినది. ఇల్లు మాత్రము బూడిదయైనది. కొలది దినములలో ఇంటిని మరల కట్టి మరల కాల్చిరి. ముక్కలు ముక్కలుగా అతికి పని గడుపుకొనుటకు దర్శకుడు ఒప్పుకొనలేదు. ఇల్లు కాలుటకు ఎంత కాలము పట్టునో అంతకాలమును ప్రేక్షకుడు భరింపవలెననియే ఆయన పట్టుదల. ఆ యేడు డిసెంబరులో పారిస్‌నందు ఆయన దివంగతుడయ్యెను.

హంగరీ దేశపు దర్శకుడు బేలా తార్ ఈ మార్గమున మరింత దూరము పోయెను. 2000 లో వచ్చిన ఆయన 'వెర్క్‌మైస్టర్ హార్మనీస్' 145 నిమిషముల చిత్రము. అందలి షాట్లు 39. దీనికి మూలమైన నవలను వ్రాసిన లాస్లో క్రస్నహోర్కయికి 2025 లో సాహిత్యమునకు నోబెలు బహుమతి లభించినది. ఇది భవిష్యత్కథ కాదు. అయినను ఒక చిన్న పట్టణమున సంఘమర్యాద విచ్చిపోవుటయే దీని విషయము గనుక ఇచ్చట చెప్పదగినది. ఒక మూక ఆసుపత్రిలో జొరబడును. ఎనిమిది నిమిషములకు దగ్గరగా కెమెరా వారితోపాటు గదినుండి గదికి సాగును. రోగులను మంచములనుండి లాగి కొట్టుదురు. అరపులు లేవు. తుదకు ఒక తెరను లాగివేయగా, ఎముకలు తేలిన యొక ముదుసలి వస్త్రములు లేక స్నానపు తొట్టిలో నిలిచి యుండును. మూక ఆగిపోవును. చేతులు దిగును. వచ్చినవారు మౌనముగా వెనుదిరిగి పోవుదురు. మూక మనస్సు మారుటను మన కన్నుల యెదుట జరిగిన సంగతిగా నమ్ముటకు కారణము, నడుమ కత్తెర పడకుండుటయే.

ఈ రెండు ధోరణులను, అనగా తార్ వంటివారి ఓర్పును, జనసామాన్యమును ఆకర్షించు వేగమును కలిపినవాడు మెక్సికో దేశీయుడైన అల్ఫోన్సో క్వారోన్. పి. డి. జేమ్స్ 1992 లో వ్రాసిన నవలను అనుసరించి ఆయన 2006 లో 'చిల్డ్రన్ ఆఫ్ మెన్' తీసెను. ఛాయాగ్రాహకుడు ఎమాన్యుయేల్ లుబెస్కి. కథాకాలము 2027. పదునెనిమిదేండ్లుగా భూమిపై ఒక్క శిశువును పుట్టలేదు. బ్రిటనుకు ఆశ్రయము కోరి వచ్చిన విదేశీయులను బోనులలో బంధించుచుందురు. ఆ దినములలో శరణార్థియైన యొక యువతి గర్భవతియగును. థియో యను నిరాశాపరుడైన గుమాస్తా ఆమెను కాపాడు భారమును నెత్తి కెత్తుకొనును. అతడు వీరుడు కాడు. చిత్రమంతయు తుపాకి పట్టడు.

ఒక దృశ్యమున అయిదుగురు కారులో పోవుచుందురు. థియోయు, పూర్వము అతని భార్యయైన జూలియనును ఒక చిన్న బంతిని నోటితో ఊదుకొనుచు పిల్లలవలె నవ్వుదురు. అంతలో మండుచున్న కారొకటి దారికి అడ్డము వచ్చును. మూక దాడి చేయును. మోటారు సైకిలుపై వచ్చినవాడు కాల్చిన గుండు జూలియను మెడకు తగులును. నవ్వునకును చావునకును నడుమ కోత లేదు. సుమారు నాలుగు నిమిషములు కెమెరా కారులోనే తిరుగుచుండును. ఇందులకై కారు కప్పుపై ప్రత్యేక యంత్రమును అమర్చి, కెమెరాకు దారి యిచ్చునట్లు ఆసనములు వాలు ఏర్పాటు చేసిరి. సామాన్య చిత్రములలో కత్తెర మనలను ముందుగా సిద్ధపరచును. దుండగుని ముఖము చూపును, తుపాకి చూపును. జీవితమున అట్టి హెచ్చరిక యుండదు. ఈ దృశ్యమునందును లేదు. అందుచేతనే అది గుండెకు తగులును.

చివరి భాగమున బెక్స్‌హిల్ శరణార్థి శిబిరమున యుద్ధము జరుగుచుండగా థియో ఆ తల్లీబిడ్డల కొరకు పరుగెత్తును. ఈ షాటు ఆరు నిమిషములకు పైబడినది. చిత్రణము నడుమ కృత్రిమ రక్తము కెమెరా అద్దముపై చిందినది. క్వారోన్ ఆపుడని కేక వేసెను గాని అదే క్షణమున జరిగిన ప్రేలుడులో ఆ కేక ఎవరికిని వినబడలేదట. చిత్రణము సాగిపోయినది. ఆ రక్తబిందువులే నేడు ఆ దృశ్యమునకు గుర్తుగా నిలిచినవి. ఆ తరువాత శిశువు రోదన విని సైనికులు కాల్పులాపుదురు, కొందరు మోకరిల్లుదురు. తల్లీబిడ్డలు దాటిపోయినంతనే ప్రేలుడు వినబడును, యుద్ధము మరల మొదలగును.

మన వంటి కుటుంబములవారు గమనింపవలసిన సంగతి ఇందొకటి కలదు. శిబిరమునందు మారిచ్కా యను స్త్రీ వారిని తన నీడకు చేర్చును. ఆమె భాష థియోకు తెలియదు. ప్రేక్షకునకు తెలియజెప్పుటకు తెరపై అనువాదమును లేదు. రుమేనియా నటి ఓనా పెల్లియా ఈ పాత్రను ధరించినది. చేతుల సైగలు, తొందర, బిడ్డను చూచినపుడు ముఖమున మెరసిన వెలుగు, ఇవియే ఆమె భాష. ఇంట తెలుగును, వీధిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో మాట్లాడుచు తరములు గడపిన మనకు ఈ స్థితి అపరిచితము కాదు. భాష తెలియని పొరుగువాని దయను గుర్తించుటకు కాలము కావలెను. ఒక చూపుతో అది తెలియదు. కత్తెర పడని దృశ్యము ఆ కాలమును ఇచ్చుచున్నది.

ఈ పద్ధతిపై ఆక్షేపణలును గలవు. మొదటిది, ఇది దర్శకుల ఆడంబరమని. లెన్సు ముందు లెక్కపెట్టి నిమిషములు కూర్చుట గారడీవాని నేర్పు కావచ్చును. రెండవది, నేడు ఇందు మోసమున్నదని. పైన చెప్పిన కారు దృశ్యమును వేర్వేరు భాగములుగా తీసి కంప్యూటరుతో అతికిరి. బరువైన పట్టాలు లేకయే కెమెరాను కుదుపు లేకుండ నడిపించు స్టెడీకామ్ 1970 ల నడుమ వచ్చినది. తరువాత డిజిటలు కెమెరా చుట్ట హద్దునే తొలగించినది. 2002 లో అలెగ్జాండర్ సొకూరోవ్ 'రష్యన్ ఆర్క్' చిత్రమును సుమారు గంటన్నర ఒకే షాటుగా తీసెను. హద్దు తొలగిన పిమ్మట పొడవు మాత్రమే గొప్ప కాజాలదు.

ఈ ఆక్షేపణలకు తగిన సమాధానము ఒక పాత చిత్రమున దొరకును. ఫ్రాన్సు దేశమున క్రిస్ మార్కర్ 1962 లో 'లా జెటే' యను ఇరువది యెనిమిది నిమిషముల చిత్రము తీసెను. మూడవ ప్రపంచయుద్ధానంతరము పాడైన పారిస్ దాని రంగస్థలము. అది దాదాపు పూర్తిగా కదలని ఛాయాచిత్రములతో కూర్పబడినది. ఒక్కచోట మాత్రము నిద్రించుచున్న స్త్రీ కన్నులు తెరచి మన వంక చూచును. అక్కడ బొమ్మ కదలును. కొన్ని సెకనులే. అయినను చూచినవారు మరువలేరు. కనుక హృదయమును కదలించునది నిమిషముల లెక్క కాదు. ఒక మనిషికి ప్రాణమున్నదని గ్రహించుటకు చాలినంత కాలమును దర్శకుడు ఇచ్చెనా లేదా యనునదియే ప్రశ్న. మార్కరునకు కొన్ని సెకనులు చాలినవి. క్వారోనుకు ఆరు నిమిషములు కావలసి వచ్చినవి. 'చిల్డ్రన్ ఆఫ్ మెన్' కోత లేని దృశ్యములకు ప్రసిద్ధమైనను, ఆస్కారు బహుమతికి పరిశీలింపబడిన శాఖలలో కూర్పు కూడ నుండుట ఇచ్చట స్మరింపదగినది. ఎక్కడ కత్తిరింపరాదో తెలియుటయు కూర్పులో భాగమే.

తెలుగు చిత్రములును ఈ కథావస్తువునకు దూరము కాలేదు. సింగీతం శ్రీనివాసరావు 1991 లో 'ఆదిత్య 369' నందు కాలయంత్రముతో భవిష్యత్తునకు పోయి, యుద్ధానంతరము భూగర్భమున జీవించు మనుష్యులను చూపెను. నాగ్ అశ్విన్ 2024 లో తీసిన 'కల్కి 2898 ఏ.డి.' పాడైన కాశీని, గర్భవతియైన స్త్రీని కాపాడు ప్రయత్నమును చూపినది. గర్భమునందే లోకమునకు ఆశ యుండుట ఈ చిత్రమునకును క్వారోన్ చిత్రమునకును సమానము. అయితే మన చిత్రము పురాణవైభవమును, యంత్రవైభవమును ఆశ్రయించినది. అదియొక మార్గము. గొంతు తగ్గించి, ఒక సామాన్యుని వెంట విడువక నడచు మార్గమును మన దర్శకులు ఇంకను అన్వేషింపదగి యున్నది.

ఈ చరిత్ర సారాంశమును ఇట్లు చెప్పవచ్చును. 1895 లో కోత లేకుండుట గత్యంతరము లేని స్థితి. తరువాత కోతయే కళగా వర్ధిల్లెను. పిమ్మట కొందరు దర్శకులు, రానున్న చెడుకాలమును చూపునపుడు, కత్తెరను తెలిసి తెలిసి పక్కన పెట్టిరి. పరుల బాధను చూచి త్వరగా చూపు మరల్చుకొనుటయే దుర్భవిష్యమునకు తొలిమెట్టు అని వారు గ్రహించి యుందురు. వార్తలలో ఒక శరణార్థి ముఖము రెండు సెకనులు కనబడి మాయమగును. మనము తరువాతి వార్తకు పోవుదుము. కత్తెర పడని దృశ్యము అట్లు పోనీయదు. అది మనలను ప్రేక్షకత్వమునుండి సాక్షిత్వమునకు తీసికొని పోవుచున్నది.

కావున పెద్దలకు నాదొక విన్నపము. ఇంటిలోని యువకులు ఇట్టి చిత్రమును చూచుచుండగా ఒక్కసారి వారి ప్రక్కన కూర్చుండుడు. తొలి నిమిషముల విసుగును ఓర్చుకొనుడు. ముగిసిన పిమ్మట వారిని తెలుగులో ప్రశ్నించి, వారు చెప్పునది వినుడు. మన పూర్వులు కొత్త నేలపై అడుగుపెట్టినపుడు వారిని ఎవరో యొకరు తొందరపడక నిలిచి చూచిరి, మాట తెలియకున్నను నీళ్లిచ్చిరి. లేనిచో ఈనాడు ఇన్ని కుటుంబములుగా మనముండము. రాబోవు కాలమున మన గుమ్మమునకు వచ్చువారిని మన పిల్లలు ఎంతసేపు నిలిచి చూచెదరో, దానినిబట్టియే ఆ కాలపు మంచిచెడ్డలు నిర్ణయమగును.